టీలో చక్కెర మానేశా, అయినా ఫ్యాటీ లివర్ ఎందుకొచ్చింది? ప్యాకెట్ ఫుడ్స్‌లో చక్కెర నిజంగా అంత ఉంటుందా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. టీ కాఫీల్లో చక్కెర మానేసి ఏడాది దాటింది, స్వీట్ల జోలికి పెద్దగా పోరు, ఫాస్టింగ్ షుగర్ కూడా నార్మలే, అయినా స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) ఎక్కువున్నాయన్నారు, డాక్టరేమో చక్కెర తగ్గించండి అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు, ఇక తగ్గించడానికి ఏం మిగిలింది, పండ్లు కూడా మానేయాలా అని. మీ రోజు ఎలా గడుస్తుందో కూడా రాశారు కాబట్టి నాకు పని తేలికైంది. పొద్దున హనీ ఫ్లేవర్ సీరియల్ ఒక గిన్నె, పదకొండింటికి ఓట్స్ బిస్కెట్లు నాలుగు, మధ్యాహ్నం ప్యాకెట్ జ్యూస్, జిమ్ నుంచి వచ్చాక ఫ్లేవర్డ్ యోగర్ట్, రాత్రి ఏం తిన్నా పక్కన కెచప్. వీటిలో దేన్నీ మీరు స్వీట్ అనుకోవట్లేదు, అసలు తంటా అక్కడే ఉంది.

నేను డాక్టర్‌ని కాదండి, అది ముందే చెప్పేస్తున్నా. ఫుడ్ టెక్నాలజీ చదువుకుని చాలా ఏళ్ళు డ్రింకులు, బేకరీ ఐటమ్స్ ప్రొడక్ట్ డెవలప్‌మెంట్‌లో పనిచేశా, ఇప్పుడు న్యూట్రిషన్ లేబులింగ్ వైపు ఉన్నా. మందుల గురించి నన్నడక్కండి, కానీ ఏ ప్యాకెట్లో చక్కెర ఎందుకు పడుతుంది, ఎంత పడుతుంది, లేబుల్ మీద దాన్ని ఎలా రాస్తారు, ఇవి మాత్రం లోపల్నుంచి చూసినవాణ్ణే.

ముందు లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో ఫ్రీ షుగర్స్ అనే లెక్క పెట్టుకుంది. కంపెనీవాళ్ళు గానీ, వండేవాళ్ళు గానీ, తినేవాళ్ళు గానీ పైనుంచి కలిపిన చక్కెరంతా అందులోకే వస్తుంది, తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లో ఉండేది కూడా అందులోకే. కొరికి తినే పండులో ఉండేదీ, పాలల్లో సహజంగా ఉండే లాక్టోజూ ఇందులోకి రావు. ఈ ఫ్రీ షుగర్స్ నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం తిండిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అన్నారు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25. టీస్పూన్‌కి సుమారు 4 గ్రాములు పడుతుంది కాబట్టి పన్నెండు స్పూన్లు, ఆరు స్పూన్లు అనుకోండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళయితే 2009లోనే ఇంకొంచెం గట్టిగా, ఆడవాళ్ళకి రోజుకి 25 గ్రాములు, మగవాళ్ళకి 36 గ్రాముల దగ్గర గీత గీశారు.

ఇప్పుడు మీ రోజుని ఈ లెక్కలో వేద్దాం. తీపి సీరియల్స్‌లో 100 గ్రాములకి 25 నుంచి 30 గ్రాముల చక్కెర మామూలు, మీ గిన్నెలో 40 గ్రాములు పడితే 11 గ్రాములు అయింది. బిస్కెట్లు నాలుగు అంటే 30 గ్రాముల పైమాట, అందులో ఐదో వంతు చక్కెర, 7 గ్రాములు వేసుకోండి. జ్యూస్ 250 మి.లీ. అంటే తక్కువలో తక్కువ 25 గ్రాములు. యోగర్ట్ కప్పులో మొత్తం 15 గ్రాములు ఉంటే అందులో 5, 6 గ్రాములు పాలదే, అది తీసేస్తే కలిపింది 9. కెచప్ రెండు పెద్ద స్పూన్లు వేసుకుంటే 7. కూడితే 60 గ్రాముల దగ్గర తేలుతుంది, పదిహేను స్పూన్లు. ఒక్క స్వీటు తినకుండా, టీలో ఒక్క పలుకు వేసుకోకుండా ఇంత. ఇవి సగటు అంకెలు, మీరు కొనే బ్రాండ్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, కానీ మీ టీలో మీరు మానేసింది రోజుకి రెండు మూడు స్పూన్లు అయుంటుంది, అంతే కదా.

ఇక ఫాస్టింగ్ షుగర్ నార్మల్ ఉన్నప్పుడు లివర్‌కి ఏమైంది అన్న మీ డౌట్‌కి వస్తా, నిజానికి మీ మొత్తం ప్రశ్నలో ముఖ్యమైంది ఇదే. మనం వాడే చక్కెరని సుక్రోజ్ అంటారు, అది సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. డ్రింకుల్లో ఎక్కువగా వాడే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్‌లో ఫ్రక్టోజ్ 55 శాతం ఉంటుంది, అంటే చక్కెరకీ దానికీ పెద్ద తేడా ఏం లేదు, కార్న్ సిరప్ విషం చక్కెర మంచిది అని తిరిగే వీడియోల్ని వదిలేయండి. గ్లూకోజ్‌ని ఒంట్లో ప్రతి కణం వాడుకుంటుంది. పెద్ద మనిషి రక్తం మొత్తం కలిపినా అందులో కరిగి ఉండే గ్లూకోజ్ 4, 5 గ్రాములే, అంటే ఒక్క టీస్పూను, దాన్ని ఆ లెవెల్లో పట్టి ఉంచడానికి ఇన్సులిన్ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. మీటర్‌లో మీరు చూసేది ఈ గ్లూకోజ్‌నే. ఫ్రక్టోజ్ మీటర్‌లో కనపడదు, అది బ్లడ్ షుగర్‌ని పెద్దగా పెంచదు కూడా. అందుకే అగేవ్ అనే మొక్క నుంచి తీసే సిరప్ లాంటివాటిని లో గ్లైసీమిక్, అంటే బ్లడ్ షుగర్‌ని తక్కువ పెంచేవి అని గొప్పగా అమ్ముతారు, అందులో ఫ్రక్టోజ్ చక్కెరలో కంటే ఎక్కువ ఉంటుంది మరి, ఇంకేం పెంచుతుంది.

ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం లివర్‌కే పోతుంది. లివర్ కణంలో గ్లూకోజ్‌ని విడగొట్టే దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ గేటు దగ్గర వాచ్‌మన్‌లాగా ఉంటుంది, కణానికి శక్తి చాలినంత ఉంటే గ్లూకోజ్‌ని లోపలికి వదలడం తగ్గించేస్తుంది. ఫ్రక్టోజ్ ఆ గేటు దాకా రాకుండా వేరే ఎంజైమ్ పట్టుకుని గేటు అవతల దిగుతుంది, ఎంత వస్తే అంత లోపలికే. అలా ఒక్కసారిగా వచ్చి పడినదాన్ని లివర్ ఏం చేస్తుందంటే కొంత గ్లూకోజ్‌గా, గ్లైకోజెన్‌గా (లివర్ నిల్వ చేసుకునే గ్లూకోజ్ రూపం) మారుస్తుంది, మిగిలినదాంట్లో కొంత కొవ్వుగా మారుస్తుంది, ఆ కొవ్వు కొంత అక్కడే పేరుకుంటుంది, దాన్నే స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని రాస్తారు, కొంత రక్తంలోకి పంపిస్తుంది, దాన్నే మీ రిపోర్ట్‌లో ట్రైగ్లిజరైడ్స్ అని చూస్తున్నారు. ఇదే క్రమంలో కణంలోని ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి, తొందరగా ఖర్చయ్యి యూరిక్ యాసిడ్ కూడా తయారవుతుంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీలో రోజుకి రెండు, అంతకంటే ఎక్కువ చక్కెర డ్రింకులు తాగే మగవాళ్ళలో గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ నొప్పి, వచ్చే రిస్క్ 85 శాతం ఎక్కువ కనపడింది. చక్కెరకీ కీళ్ళ నొప్పికీ సంబంధం ఏంటని ఎవరైనా నవ్వితే ఇది చెప్పండి.

ఇదంతా ల్యాబ్ థియరీ అనుకోకండి, మనుషుల మీద చేసి చూశారు. 2009లో కాలిఫోర్నియాలో ఒక టీమ్ బరువెక్కువున్న కొంతమందిని రెండు గ్రూపులుగా చేసి పది వారాల పాటు రోజువారీ కేలరీల్లో 25 శాతం డ్రింకుల రూపంలో ఇచ్చింది, ఒక గ్రూపుకి గ్లూకోజ్‌తో, ఇంకో గ్రూపుకి ఫ్రక్టోజ్‌తో. రెండు గ్రూపులూ దాదాపు ఒకేలా బరువు పెరిగాయి, కానీ ఫ్రక్టోజ్ గ్రూపులో పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు పెరిగింది, లివర్‌లో కొత్త కొవ్వు తయారీ పెరిగింది, ఇన్సులిన్ సెన్సిటివిటీ, అంటే ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం, తగ్గింది. ఆ డోసు చాలా ఎక్కువ, ఎవరూ ఉత్త ఫ్రక్టోజ్ తాగరు కూడా, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మీకు ఇంతకంటే పనికొచ్చేది 2019లో జామా పత్రికలో వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న నలభైమంది టీనేజ్ అబ్బాయిల్ని తీసుకుని సగంమందికి ఎనిమిది వారాలు ఫ్రీ షుగర్స్ 3 శాతం లోపు ఉండేలా ఇంటిల్లిపాదికీ వంట ఏర్పాటు చేశారు, మిగతావాళ్ళు ఎప్పట్లాగే తిన్నారు. చక్కెర తగ్గించినవాళ్ళలో లివర్ కొవ్వు సగటున 25 శాతం నుంచి 17కి దిగింది, తగ్గించనివాళ్ళలో 21 నుంచి 20కి. ఎనిమిది వారాల్లో అంత దిగిందంటే మీరు ధైర్యంగా ఉండొచ్చు, ఈ స్టేజ్‌లో లివర్ బాగానే కోలుకుంటుంది.

పండ్ల సంగతి. మానేయక్కర్లేదండి, అసలు ఆ ఆలోచనే వద్దు. ఒక యాపిల్ తినడానికి పది నిమిషాలు పడుతుంది, పీచుతో, నీటితో, నమలడంతో కలిసి ఫ్రక్టోజ్ కొంచెం కొంచెంగా లోపలికి వెళ్తుంది, రెండోది తినబుద్ధి కూడా కాదు. అదే మూడు నాలుగు యాపిల్స్ పిండిన జ్యూస్ గ్లాసు అర నిమిషంలో అయిపోతుంది. 2018లో ఎలుకల మీద చేసిన ఒక పనిలో తక్కువ డోసు ఫ్రక్టోజ్‌ని చిన్న పేగే చాలావరకు మార్చేస్తోందనీ, డోసు పెరిగితేనే అది పొంగి లివర్ దాకా వెళ్తోందనీ తేలింది, మనుషుల్లో కూడా అచ్చం అంతే అని నేననను గానీ మెల్లిగా తినడానికీ గటగటా తాగడానికీ తేడా ఎందుకుంటుందో ఊహకి అందుతుంది. 2013లో లక్షా ఎనభై వేలమందికి పైగా హెల్త్ వర్కర్లని చాలా ఏళ్ళు ఫాలో అయిన అమెరికా డేటాలో ద్రాక్ష, యాపిల్, బ్లూబెర్రీ లాంటి పండ్లు ఎక్కువ తిన్నవాళ్ళకి టైప్ 2 డయాబెటిస్ రిస్క్ తగ్గింది, జ్యూస్ ఎక్కువ తాగినవాళ్ళకి పెరిగింది. పండు తినండి, జ్యూస్ ఆపండి, హండ్రెడ్ పర్సెంట్ ఫ్రూట్ అని రాసున్నా సరే.

డ్రింకుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను పనిచేసింది అక్కడే. కొత్త డ్రింక్ చేసేటప్పుడు ఒకే రెసిపీని 6, 8, 10, 12, 14 శాతం చక్కెరతో ఐదు రకాలుగా కలుపుతాం, చిన్న కప్పుల్లో పోసి కప్పుకో మూడంకెల కోడ్ అంటిస్తాం, టేస్ట్ చేసేవాళ్ళకి ఏది ఏదో తెలీకుండా. చక్కెర పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి, ఒక దగ్గర ఆగి, అక్కణ్ణుంచి కిందికి దిగుతాయి. ఆ పైన ఆగిన చోటుని బ్లిస్ పాయింట్ అంటారు, హోవర్డ్ మాస్కోవిట్జ్ అనే ఫుడ్ రీసెర్చర్ పేరుతో ఫేమస్ అయింది ఈ మాట. మామూలు కోలా 100 మి.లీ.లో 10, 11 గ్రాముల చక్కెర ఉండటం ఊరికే కుదిరిన లెక్క కాదు. 330 మి.లీ. క్యాన్‌కి 35 గ్రాములు, అంటే పైన చెప్పిన 25 గ్రాముల లెక్క ఒక్క క్యాన్‌తోనే దాటిపోయింది. మరి అంత చక్కెర ఉంటే తాగలేం కదా అంటారు, నిజమే, తాగలేం, ఒక గ్లాసు నీళ్ళలో ఏడెనిమిది స్పూన్లు కలిపి తాగి చూడండి మొహం మొత్తుతుంది. కోలాలో యాసిడ్ వేస్తాం, గ్యాస్ పట్టిస్తాం, బాగా చల్లగా ఇస్తాం, ఈ మూడూ కలిసి తీపిని అణిచిపెడతాయి. నమ్మకం లేకపోతే ఓ సీసా మూత తీసి రాత్రంతా బయట వదిలేసి పొద్దున ఒక గుక్క తాగండి, చక్కెర అంతే ఉంటుంది, నాలుకకి మాత్రం అప్పుడు తెలుస్తుంది.

ఇంకో సమస్య ఏంటంటే తాగిన కేలరీల్ని కడుపు సరిగ్గా లెక్కలో వేసుకోదు. 2000లో ఒక చిన్న ప్రయోగం చేశారు, అవే మనుషులకి నాలుగు వారాలు రోజుకి 450 కేలరీల జెల్లీ బీన్స్, ఇంకో నాలుగు వారాలు రోజుకి 450 కేలరీల సోడా ఇచ్చారు. జెల్లీ బీన్స్ తిన్నప్పుడు తెలీకుండానే మిగతా తిండి ఆ మేరకు తగ్గించేశారు, సోడా తాగినప్పుడు ఏమీ తగ్గించలేదు, అది పైన అదనంగా పడింది. చిన్న శాంపిలే, కానీ తర్వాత 2012లో నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద చేసింది చూడండి. సగంమందికి రోజూ 250 మి.లీ. చక్కెర డ్రింక్, సగంమందికి అదే రుచి ఉన్న చక్కెర లేని డ్రింక్, ఎవరిది ఏదో ఎవరికీ తెలీదు. పద్దెనిమిది నెలలకి చక్కెర లేనిది తాగిన పిల్లలు సుమారు ఒక కేజీ తక్కువ పెరిగారు, అదీ రోజుకి ఒక్క డబ్బా తేడాకి.

డ్రింకుల్లో సరే, బిస్కెట్లో, కెచప్‌లో, బ్రెడ్‌లో ఎందుకు అని చాలామంది అడుగుతారు, రుచి కోసమే అనుకుంటారు గానీ రుచి ఒక్కటే కాదు. బిస్కెట్ పిండిలో చక్కెర తగ్గిస్తే ఓవెన్లో పిండి పరుచుకోదు, రంగు రాదు, కరకరలాడదు, గట్టిగా తయారవుతుంది. జామ్‌లో చక్కెర నీటిని పట్టేసి బూజు పట్టకుండా చూస్తుంది. కెచప్‌లో వెనిగర్ పులుపుని బ్యాలెన్స్ చేస్తుంది. లో ఫ్యాట్ అని కొవ్వు తీసేసిన యోగర్ట్ నోట్లో పలచగా, చప్పగా ఉంటుంది, ఆ లోటు తీర్చడానికి చక్కెర, స్టార్చ్ పడతాయి. పైగా చక్కెర చవక, నట్స్ కంటే, పండ్ల గుజ్జు కంటే, మంచి నూనె కంటే చవకగా బరువు నింపుతుంది, ఈ ముక్క మీటింగుల్లో ఎవరూ పైకి అనరు గానీ కాస్టింగ్ షీట్‌లో స్పష్టంగా కనపడుతుంది. కాబట్టి కంపెనీలు దుర్మార్గంగా చక్కెర దాస్తున్నాయి అనే కథ నేను పూర్తిగా ఒప్పుకోను, ఎక్కువసార్లు అది రెసిపీ అవసరం, ఖర్చు, జనానికి నచ్చడం, ఈ మూడింటి లెక్క. దాచడం జరిగేది లేబుల్ దగ్గర.

లేబుల్ మీద పదార్థాలు బరువు ప్రకారం రాయాలి, ఎక్కువున్నది ముందు. ఒక గ్రానోలా బార్ వెనక ఓట్స్, గ్లూకోజ్ సిరప్, బాదం, తేనె, యాపిల్ జ్యూస్ కాన్సంట్రేట్, బ్రౌన్ షుగర్, ఉప్పు అని ఉందనుకోండి. చూడగానే ఓట్స్ బార్ అనిపిస్తుంది. కానీ సిరప్, తేనె, కాన్సంట్రేట్, బ్రౌన్ షుగర్ నాలుగూ ఫ్రీ షుగర్సే, నాలుగింటినీ కలిపి చక్కెర అని ఒకే పేరు పెడితే అది ఓట్స్‌ని దాటి మొదటి స్థానంలోకి వచ్చే ఛాన్స్ బాగానే ఉంది, విడగొట్టి రాశారు కాబట్టి ఒక్కోటి కిందికి జారిపోయింది. డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కేన్ జ్యూస్, ఫ్రక్టోజ్, మాల్టోజ్, అన్నీ ఆ కుటుంబమే. మాల్టోడెక్స్‌ట్రిన్ ఇంకా చిత్రం, టెక్నికల్‌గా అది షుగర్స్ లెక్కలోకి రాదు, కానీ ఒంట్లోకి వెళ్ళాక గ్లూకోజ్‌లాగే బ్లడ్ షుగర్‌ని చకచకా పెంచేస్తుంది. అలాగే నో యాడెడ్ షుగర్ అని ముందు పెద్దక్షరాలు, వెనక జ్యూస్ కాన్సంట్రేట్, ఇదీ చూస్తూనే ఉంటాం. తేనె, బ్రౌన్ షుగర్ వాడితే ఫర్వాలేదా అని ఒకరు కింద అడిగారు, లివర్‌కి ఆ తేడా తెలీదు. బ్రౌన్ షుగర్లో రంగిచ్చే మొలాసిస్ కాస్త ఉంటుంది, తేనెలో సువాసన ఉంటుంది, రుచికి వాడుకోండి, ఆరోగ్యానికని వాడకండి.

అంత చదివే ఓపిక లేకపోతే ఒక్క లైన్ చూడండి, 100 గ్రాములకి షుగర్స్ ఎంత అని. సర్వింగ్ లెక్క చూడకండి, సర్వింగ్ సైజు ఎంత చిన్నగా రాస్తే అంకె అంత చిన్నదవుతుంది, రెండు బిస్కెట్లు తిని ఆగేవాళ్ళు ఎవరండీ. బ్రిటన్‌లో ప్యాకెట్ ముందు రంగులు వేసే పద్ధతిలో 100 గ్రాములకి 22.5 గ్రాములు దాటితే ఎరుపు, 5 గ్రాములు అంతకు తక్కువ ఉంటే ఆకుపచ్చ, ఆ రెండంకెలు గుర్తుంటే చాలు. పాలతో చేసినవాటికి 100 గ్రాములకి 4, 5 గ్రాములు లాక్టోజ్ కింద తీసేసి చూసుకోండి. అమెరికాలో 2016 రూల్స్ తర్వాత యాడెడ్ షుగర్స్ అని విడిగా లైన్ వచ్చింది, నా దృష్టిలో ఈ లేబుల్స్ చరిత్రలో జరిగిన మంచి పనుల్లో అదొకటి, మీ ప్యాకెట్ మీద ఆ లైన్ ఉంటే ఇక వేరే లెక్కే అక్కర్లేదు.

లివర్ అయ్యాక మిగతా ఒంటి సంగతి. డయాబెటిస్ విషయంలో 2015 నాటి ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది రోజుకి ఒక చక్కెర డ్రింక్ ఎక్కువ తాగేకొద్దీ టైప్ 2 రిస్క్ 18 శాతం పెరుగుతోందనీ, బరువు లెక్క సరిచేసి చూసినా 13 శాతం మిగిలే ఉందనీ, అంటే లావెక్కడం ఒక్కటే దారి కాదు. గుండె విషయంలో 2014లో వచ్చిన అమెరికా డేటాలో కేలరీల్లో 25 శాతం, ఆపైన యాడెడ్ షుగర్ నుంచి తీసుకునేవాళ్ళు గుండె జబ్బుతో చనిపోయే రిస్క్ 10 శాతం లోపు తినేవాళ్ళతో పోలిస్తే 2.75 రెట్లు ఉంది. ఇది మనుషుల్ని గమనించి తేల్చిన లెక్క, అంత చక్కెర తినేవాళ్ళకి వేరే అలవాట్లు కూడా ఉంటాయి కాబట్టి అంకెని పట్టుకుని వణికిపోనక్కర్లేదు, దిశ మాత్రం అర్థమవుతుంది. పళ్ళకి ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం, చక్కెర తగిలిన ప్రతిసారీ బాక్టీరియా యాసిడ్ చేస్తుంది, పంటి మీద పీహెచ్ 5.5 కిందికి పోతే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఈలోపు మీరు ఇంకో గుక్క తాగితే మళ్ళీ మొదటికే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షంగా రాసినట్టు ఉంటుంది. మొత్తం కేలరీలు సమానంగా ఉంచి చక్కెర బదులు వేరే పిండిపదార్థం ఇస్తే బరువులో తేడా రాలేదని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన విశ్లేషణే చెప్పింది, అంటే బరువు వరకు చక్కెర చేసే చెడు చాలావరకు అది ఎక్కువ తినిపించడం వల్లే. 2019లో అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ టీమ్ చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది, ఇరవైమందికి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసిన ప్యాకెట్ ఫుడ్), రెండు వారాలు మామూలు తిండి ఎదురుగా పెట్టి కావలసినంత తినమన్నారు, పెట్టినదాంట్లో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ సమానంగా ఉండేలా చూసుకున్నారు, అయినా ప్రాసెస్డ్ తిండి రోజుల్లో రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. కాబట్టి ఒక్క చక్కెరని దోషిగా నిలబెట్టి మిగతా ప్యాకెట్లని వదిలేస్తే లాభం లేదు. అయితే ఒకప్పుడు దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది, అదీ తెలుసుకోవాలి. 1960ల్లో షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ అనే ఇండస్ట్రీ సంస్థ హార్వర్డ్ పరిశోధకులకి డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూ 1967లో పేరున్న మెడికల్ జర్నల్‌లో వచ్చింది, గుండె జబ్బు తప్పంతా కొవ్వు మీదికి తోసి చక్కెరని తేలిగ్గా వదిలేసింది, ఆ డబ్బు సంగతి అందులో రాయలేదు, 2016లో పాత ఉత్తరాలు బయటపడ్డాకే జనానికి తెలిసింది. లో ఫ్యాట్ పేరుతో మార్కెట్ నిండిపోయిన రోజుల వెనక ఇలాంటివి కూడా ఉన్నాయి.

మీ పాప చక్కెర తింటే గంతులేస్తుందన్నారు, అది చక్కెర పని కాకపోవచ్చండి. డబుల్ బ్లైండ్, అంటే ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ తెలీని పరీక్షలన్నీ కలిపి చూసిన 1995 విశ్లేషణలో పిల్లల ప్రవర్తన మీద చక్కెర ప్రభావం కనపడలేదు. అంతకు ముందు ఏడాది ఒక ప్రయోగంలో పిల్లలందరికీ చక్కెర లేని డ్రింకే ఇచ్చి కొంతమంది తల్లులకి మీవాడికి చక్కెర ఇచ్చాం అని చెప్పారు, ఆ తల్లులే పిల్లాడు హైపర్‌గా ఉన్నాడని ఎక్కువ మార్కులేశారు. పుట్టినరోజు పార్టీలో పిల్లలు అల్లరి చేసేది పార్టీ వల్ల. పిల్లలకి తగ్గించాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, రెండేళ్ళ లోపు అసలు కలిపిన చక్కెరే వద్దని హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. బ్రిటన్‌లో 1953లో చక్కెర రేషన్ ఎత్తేసినప్పుడు జనం వాడకం దాదాపు రెట్టింపైంది, ఆ తేదీకి అటూ ఇటూ పుట్టినవాళ్ళని పోల్చి 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్లో, కడుపులో ఉన్నప్పటి నుంచి మొదటి వెయ్యి రోజులు రేషన్‌లో గడిపినవాళ్ళకి పెద్దయ్యాక టైప్ 2 డయాబెటిస్ రిస్క్ సుమారు 35 శాతం, బీపీ రిస్క్ సుమారు 20 శాతం తక్కువ అని తేలింది. పాప బిస్కెట్ల కంటే పాప డ్రింకుల మీద కన్నేయండి.

డైట్ డ్రింకులు, స్టీవియా, సుక్రలోజ్ గురించి ఒక్క మాట. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికని వీటిని వాడొద్దని సలహా ఇచ్చింది, అప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది. అదే ఏడాది డైట్ డ్రింకుల్లో వాడే ఆస్పర్టేమ్ అనే స్వీటెనర్‌ని ఆ సంస్థ క్యాన్సర్ విభాగం, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి లిస్టులో 2బీ కింద పెట్టింది, కానీ రోజుకి కేజీ బరువుకి 40 మి.గ్రా. దాకా ఓకే అన్న పాత పరిమితిని మాత్రం మార్చలేదు. నా అభిప్రాయం అడిగితే రోజూ కోలా తాగేవాళ్ళు మానడానికి మధ్యలో కొన్నాళ్ళు డైట్ వాడుకుంటే తప్పులేదు, మీకైతే ఆ అవసరమే లేదు, మీరు తాగేది జ్యూసే.

మీరు చేయాల్సింది ఇదీ, ఇదే ఆర్డర్లో. రేపట్నుంచి జ్యూస్ ఆపేసి ఆ టైమ్‌కి ఒక పండు, నీళ్ళు. ఒక్కదాంతో 25 గ్రాములు పోతాయి, మీ 60లో దాదాపు సగం, మిగతావన్నీ ఇలాగే ఉంచినా. రెండో వారంలో సీరియల్ మార్చండి, తీపి లేని ఓట్స్‌లో పండు ముక్కలు వేసుకోండి. యోగర్ట్ చప్పటిది కొనండి, ఒక్కసారిగా తినలేకపోతే సగం ఫ్లేవర్డ్, సగం చప్పటిది కలుపుకుని నెమ్మదిగా మార్చండి. కెచప్, బిస్కెట్ల గురించి ఇప్పుడే దిగులు పెట్టుకోకండి, అవి తర్వాత. అన్నీ ఒకే రోజు మానేసినవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ అన్నీ మొదలుపెట్టడమే నేను చూసింది. నాలుక కూడా మారుతుంది, 2016లో ఒక ట్రయల్‌లో మామూలు చక్కెరల్ని 40 శాతం తగ్గించినవాళ్ళకి రెండు మూడు నెలలకి అదే పుడ్డింగ్ ఎక్కువ తియ్యగా అనిపించింది, తీపి మీద ఇష్టం మాత్రం అలాగే ఉందట, కాబట్టి ఇష్టం పోలేదేంటి అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ట్రైగ్లిజరైడ్స్ చక్కెర తగ్గిస్తే కొన్ని వారాల్లోనే కదులుతాయి, మూడు నెలలకి ఒకసారి రాత్రంతా ఏమీ తినకుండా ఉండి టెస్ట్ చేయించండి, లివర్ ఎంజైమ్స్ కూడా దాంతోపాటే. చక్కెర ఇంత తగ్గించాక కూడా అంకె కదలకపోతే ఇంకా తగ్గించాలేమో అని పండ్ల మీద పడకండి. ఆల్కహాల్, థైరాయిడ్, వాడే మందులు, వంశపారంపర్యం, ఇలా ట్రైగ్లిజరైడ్స్‌ని పెంచేవి వేరే చాలా ఉన్నాయి, మీరు ఆల్కహాల్ సంగతి రాయలేదు, అది ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, ఎందుకంటే లివర్‌లో కొవ్వు విషయానికి వస్తే దాని పని కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఇది చదివే మిగతావాళ్ళలో ఎవరైనా ఇన్సులిన్ గానీ షుగర్ తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే ఒక్కసారిగా తీపి కోసేయకండి, డోసు అలాగే ఉండి తినే చక్కెర తగ్గితే బ్లడ్ షుగర్ పడిపోయి లో అయిపోతారు, ముందు మీ డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి. సీరియల్, యోగర్ట్ ప్యాకెట్ల వెనకవైపు ఫొటో తీసి పెడితే అసలు అంకెలతో లెక్క మళ్ళీ వేసి చెప్తా.